ఆదా చేసిన చుక్కలు

నేను ఒక గల్లాపెట్టెను. కందుకూరు బజారులో, మాలకొండయ్య గాజుల కొట్లో బతుకులో ఎక్కువ భాగం కూర్చున్నదాన్ని. నా మూత మీద చెయ్యి పడగానే అది తీసి ఇచ్చే చెయ్యో, తడిమి చూసుకొని మూసేసే చెయ్యో చెప్పగలను. గొప్పకు చెప్పడం లేదు. పెట్టె అన్నాక ఆ మాత్రం విద్య ఉంటుంది.

నన్ను చేసినవాడు ఈశ్వరాచారి అనే వడ్రంగి. ఎవరింటికో ద్వారబంధం చేయగా మిగిలిన టేకు ముక్కలు నా ఒళ్లు. నోట్లకొక పెద్ద అర, చిల్లరకు చిన్న అరలు, మూలన వక్కపొడి డబ్బా పట్టేటంత బుల్లి అర ఒకటి. మూత మీద సన్నటి చీలిక కూడా పెట్టాడు. మూత ఎత్తే పని లేకుండా డబ్బు లోపలికి జారవిడవడానికట. లోపలికి పోయే దారి గురించి అంత శ్రద్ధ తీసుకున్న మనిషి బయటికి వచ్చే దారి గురించి ఏమీ ఆలోచించలేదు. అది కొనుక్కున్నవాళ్ల ఇష్టానికి వదిలేశాడు. ఆ ఇష్టాలు ఎంత చిత్రంగా ఉంటాయో నాకు పోనుపోను తెలిసింది.

మొదట నన్ను కొన్నది కాఫీ హోటలు చెంచురామయ్య. ఆయన దగ్గర ఉన్నంత కాలం నా మూత పడిందే లేదు. బస్సు చార్జీకి అడిగినవాడికి ఇచ్చాడు, పిల్ల పుట్టిందన్నవాడికి ఇచ్చాడు, సినిమాకు పోతానన్నవాడికి కూడా ఇచ్చాడు. ఊళ్లో అందరూ ధర్మాత్ముడనేవారు. నాకు మాత్రం అది ధర్మంలా కనబడేది కాదు. లేదనడానికి నోరు రాక ఇచ్చేవాడు, ఇచ్చాక వంటింట్లోకి వెళ్లి భార్య మీద కసురుకునేవాడు. చివరికి పాలవాడూ పిండిమర వాడూ కలిసి హోటలు తలుపులు మూయించారు. బల్లలతో పాటు నన్నూ బజారులో వేలానికి పెట్టారు. అచ్చిరాని పెట్టె అని అప్పటికే పేరు పడింది కాబట్టి ఎవరూ ముందుకు రాలేదు. మాలకొండయ్య వచ్చాడు. చవగ్గా వస్తోందని కొన్నాడు.

ఈ కథ విని మాలకొండయ్యను పిసినారి అని ఒక్క మాటతో తేల్చేస్తారేమోనని నా భయం. అంత తేలిగ్గా తేల్చకండి. కొట్టు పెట్టకముందు అతనూ భార్య వెంగమ్మా గాజుల మలారాలు భుజాన వేసుకొని పల్లెలు తిరిగేవాళ్లు. మలారమంటే గాజుల్ని తాళ్లకు గుచ్చి కట్టిన మోపు. ఒక వానాకాలం అతనికి విషజ్వరం పట్టుకుంది. చేతిలో పైసా లేదు. వెంగమ్మ మెళ్లో పుస్తెలు తీసి అమ్మి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని, అతన్ని ఆస్పత్రిలో చేర్పించింది. అతను బతికాడు. కళ్లు తెరవగానే మొదట కనబడింది భార్య మెళ్లో ఆ పసుపుకొమ్ము. జ్వరం తగ్గింది గానీ అప్పుడు పుట్టిన భయం తగ్గలేదు. ఇక ఎన్నడూ చెయ్యి ఖాళీగా ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టుకు నన్ను కాపలా పెట్టాడు.

కాపలాకు నియమాలు చాలానే ఉండేవి. పొద్దున బోణీ కాకముందు నాలోంచి రూపాయి తీయకూడదు. దీపాలు పెట్టాక తీయకూడదు. మంగళవారం తీయకూడదు. శుక్రవారం సరేసరి, ఆ రోజు నాకు పసుపు రాసి కుంకుమ పెట్టి సాంబ్రాణి పొగ వేసేవాడు. ఎంత అవసరమొచ్చినా నా అడుగున ఒక నాణెమైనా మిగలాలి. ఇవన్నీ బజారులో అందరూ పాటించేవే. కాకపోతే మిగతావాళ్లు అవసరం పడితే జేబులోంచి తీసి ఇచ్చేవాళ్లు. మాలకొండయ్య చొక్కాకు జేబు లేదు, కుట్టించుకునేటప్పుడే వద్దన్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఎవరికోసమయ్యా ఇంత దాపరికం అని ఎవరైనా అడిగితే రేపటికి అనేవాడు. ఆ రేపు ఎలా ఉంటుందో, దానికి ఏం కావాలో మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

కొట్టు నడిచింది వెంగమ్మ కళ్ల మీద. ఎదుటి మనిషి చీర అంచు ఒక్కసారి చూసి లోపలికి చెయ్యి చాపేది, సరిగ్గా దానికి నప్పే గాజు ఆ చేతిలో ఉండేది. చిలకపచ్చకూ ఆకుపచ్చకూ నడుమ ఇంకెన్ని పచ్చలున్నాయో ఆమె చెబితేనే జనానికి తెలిసేది. మణికట్టు చూసి రెండున్నరో, రెండుంపావో కొలత చెప్పేది. ఆ చేతికి సబ్బు నురగ రాసి, వేళ్లు కూడదీసి, అత్తగారి సంగతులు అడుగుతూ మాటల్లో పెట్టి, నొప్పి తెలిసేలోపు గాజు ఎక్కించేసేది. డజను అయ్యాక ఒక కొసరు గాజు వేసేది. ఆ కొసరు దగ్గర మాలకొండయ్య గొంతు సవరించుకునేవాడు. వెంగమ్మ వినిపించుకోనట్టు ఊరుకునేది. మొగుడి మాటకు ఎదురు నడిచింది ఆ ఒక్క గాజు విషయంలోనే అనుకుంటాను.

ఒకనాడు పెళ్లివారి బేరంలో ఉండగా ఆమె మోచెయ్యి తగిలి పక్కనున్న గాజుల అట్టపెట్టెలు దొంతరగా పడ్డాయి. గలగలా చిట్లిపోయాయి. ఎంత నష్టమో వేళ్ల మీద లెక్క కట్టుకొని మాలకొండయ్య మొహం మాడ్చుకున్నాడు. కళ్లు నెత్తికెక్కాయా అన్నాడు. ఇంకొన్నాళ్లకు మళ్లీ అదే జరిగింది. ఆ పైన ఒకసారి గుమ్మం పక్కన నిలబడి చెయ్యి చాపిన అమ్మాయిని వెంగమ్మ ఎంతసేపటికీ పలకరించలేదు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకొని వెళ్లిపోయింది. అప్పుడు మాలకొండయ్య తిట్టలేదు. మర్నాడు కొట్టు మూసి భార్యను ఒంగోలు తీసుకెళ్లాడు.

తిరిగొచ్చాక వాళ్లు మాట్లాడుకున్నదాన్ని బట్టి నాకు తెలిసింది ఇది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందట. నీటికాసులు అంటారట ఆ జబ్బును. నొప్పి ఉండదు, ముందు పక్కచూపు పోతుంది, అందుకే మనిషికి తెలియదు. పోయిన చూపు రాదు గానీ ఉన్నది పోకుండా ఆపుకోవచ్చు. దానికి చేయవలసిందల్లా రోజూ రెండు కళ్లలో ఒక్కో చుక్క మందు వేసుకోవడం, ప్రాణమున్నంత కాలం మానకుండా వేసుకోవడం. సీసా నెలకొకటి పడుతుంది. మాలకొండయ్య నోరెత్తకుండా సీసా కొన్నాడు. నిజం చెప్పాలి, బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చే బస్సులో మాత్రం "నెలనెలా అంటే..." అని ఆగిపోయాడట. వెంగమ్మ ఆ మిగిలిన మాటను తనే పూర్తి చేసుకుంది.

రేకుల ఇంట్లో వేడికి మందు పాడవుతుందని ఆ సీసాను నా బుల్లి అరలో పెట్టేది. కొట్టు కట్టేముందు తీసి, తల వెనక్కి వాల్చి వేసుకునేది. మొదటి నెల సరిగానే వేసుకుంది. రెండో నెల నుంచి ఒక రోజు కుడికంట్లో, ఒక రోజు ఎడమకంట్లో. ఇంకొన్నాళ్లకు నడుమ రోజులు కూడా ఖాళీ వదలడం మొదలుపెట్టింది. సబ్బు బిళ్లను సగానికి కోసి వాడినట్టే, అగ్గిపుల్లను చీల్చి రెండు చేసినట్టే, ఇది కూడా ఒక పొదుపు అనుకుంది. చూపులో తేడా ఏమీ తెలియలేదు కాబట్టి సరిపోతోందనుకుంది. మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్న రోజు కూడా దాటిపోయింది. బస్సు చార్జీ, డాక్టరు ఫీజు, ఒక రోజు బేరం, ఇన్ని పోతాయి కదా మరి.

ఈ సంగతి మాలకొండయ్యకు ఆమే చెప్పింది, కొంచెం గర్వంగానే చెప్పింది. అతను మురిసిపోయాడు. పక్కన రిబ్బన్లు, తిలకాలు అమ్ముకునే మస్తాన్‌బీని పిలిచి మరీ చెప్పాడు. "నెల సీసాని మా వెంగమ్మ మూణ్ణెల్లు సరిపెడతది. ఆడదంటే అట్టా ఉండాల" అన్నాడు. వెంగమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను నలుగురి ముందు ఆమెను మెచ్చుకోవడం నేను విన్నది అదే మొదలు. ఆ మెప్పు కోసం ఆమె మూణ్ణెల్లను నాలుగు నెలలు చేసింది.

ఆ రోజుల్లో నా లోపల ఎలా ఉండేదో చెప్పనా? బుల్లి అరలో సగం నిండిన సీసా, పక్క అరలో ఒత్తుకొని కూర్చున్న నోట్లు. రెంటికీ మధ్య ఉన్నది పలచని టేకు చెక్క. నోట్లలో ఒక్కటి అటు జరిగితే చాలు. నోట్లకు కాళ్లు లేవు, నాకు నోరు లేదు. కాళ్లూ నోరూ ఉన్న ఇద్దరూ నా ముందు కూర్చొని, ఎంత జాగ్రత్తగా బతుకుతున్నామో కదా అని ఒకరినొకరు చూసుకొని సంతోషపడేవాళ్లు. నాకు ఏడుపు వచ్చేది.

చూపు ఒక్కసారిగా పోయే జబ్బు కాదది. అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుంది. రెండున్నర సైజు గాజులోంచి చూస్తున్నట్టుంది అని వెంగమ్మ మస్తాన్‌బీతో అంది ఒకసారి. ఏడాది తిరిగేసరికి అది పసిపిల్ల గాజంత అయింది. అయినా మొగుడితో చెప్పలేదు. చెబితే సీసాలు పెంచాలి, పెంచితే అతను బాధపడతాడు, తనను మెచ్చుకున్న మాట వెనక్కి పోతుంది. ఎవరైనా కొట్లోకి వస్తే గొంతును బట్టి అటు తిరిగి చూసేది. రంగులు ఇంకా గుర్తుపడుతోంది కాబట్టి బజారు కూడా కనిపెట్టలేదు.

ఒక మధ్యాహ్నం మాలకొండయ్య కొత్త సరుకు విప్పి చూపిస్తూ ఆమె పక్కనే నిలబడ్డాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. వెంగమ్మ "ఏమయ్యా, యాడికి పోయినావు?" అని పిలిచింది. అతను ఇక్కడే ఉన్నానన్నాడు. ఆమె తల అటూ ఇటూ తిప్పి వెతికింది. అతని మొహం దాటి రెండుసార్లు పోయింది ఆమె చూపు. మూడోసారికి దొరికాడు. దొరకగానే ఆమె నవ్వింది. అతను మాత్రం నవ్వలేకపోయాడు. ఎడమకన్ను మూసి చూడమన్నాడు, కుడికన్ను మూసి చూడమన్నాడు. కుడికన్ను మూయగానే ఆమె చెయ్యి గాల్లో అతని చొక్కా కోసం తడుముకుంది.

అది శుక్రవారం. నా నుదుట కుంకుమ ఇంకా తడిగానే ఉంది. మాలకొండయ్య నా మూత ఎత్తి రెండు చేతులతో ఉన్నదంతా తోడేశాడు. అడుగున మిగలాల్సిన నాణెం కూడా ఎటో దొర్లిపోయింది, చూసుకోలేదు. తువ్వాల్లో మూట కట్టుకొని, భార్య చెయ్యి పట్టుకొని హైదరాబాదు బస్సెక్కాడు. నేను మొదటిసారి పూర్తిగా ఖాళీ అయ్యాను. దేవుడా, ఆ డబ్బంతా ఎవరో ఒకరు తీసుకొని ఈమెకు చూపు ఇస్తే బాగుండును అనుకున్నాను. పెట్టెగా పుట్టి ఖాళీగా ఉండాలని కోరుకున్నది ఆ నాలుగు రోజులే.

వాళ్లు తిరిగొచ్చారు. మాలకొండయ్య తువ్వాలు విప్పి డబ్బును నాలో పోశాడు. పోయేటప్పుడు ఎంతుందో, దాదాపు అంతా వెనక్కి వచ్చింది. నాలోంచి పోయిన ప్రతి రూపాయీ తిరిగి రావాలని అతను ఎన్నేళ్లు మొక్కుకున్నాడో నాకు తెలుసు. ఆ మొక్కు తీరిన రోజు అతని మొహం చూడలేకపోయాను.

అక్కడ జరిగింది వెంగమ్మ మస్తాన్‌బీకి చెప్పుకుంటుంటే విన్నాను. పెద్ద కంటి ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ చూసిందట. మందు ఎలా వేసుకున్నావమ్మా అని అడిగితే వెంగమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. మెచ్చుకుంటుందనే అనుకుంది పాపం. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకొని కూర్చుందట. తెరిచిన సీసా నెల దాటితే మందే కాదని, ఎడమకంట్లో ఇక ఏమీ లేదని, కుడికంట్లో మిగిలిన రవ్వంతను చిన్న ఆపరేషనుతో, మానకుండా వేసే చుక్కలతో కొంతకాలం నిలబెట్టవచ్చని చెప్పిందట. మాలకొండయ్య మూట బల్ల మీద పెట్టి, ఎంతయినా పెడతాను, ఎక్కువ ఖరీదుదే చెయ్యండి అని బతిమాలాడట. డాక్టరమ్మ ఆ మూట మెల్లగా అతని వైపు జరిపి, "ఇప్పుడు దీంతో పని లేదు పెద్దాయనా. అప్పుడు నెలకొక్క సీసా కొని ఉంటే చాలేది" అందట.

ఆ నాలుగు రోజుల్లోనే ఆపరేషను అయింది. ఖరీదు కూడా పెద్దగా కాలేదు. కుడికంట్లో పసిపిల్ల గాజంత వెలుగు మిగిలింది. అది నిలుస్తుందా నిలవదా అన్నదే ఇక ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రశ్న.

ఆ తర్వాత మాలకొండయ్యకు ఇంకో పిచ్చి పట్టింది. నా మూత పడటం మానేసింది. వెంగమ్మకు బంగారు గాజులు చేయించాడు. పట్టుచీరలు తెచ్చాడు, వాటి రంగులు ఆమె కొంగు పట్టుకొని ముక్క ముక్కగా చూడాల్సి వచ్చేది. పెద్ద టీవీ కొన్నాడు, అందులో ఒక మొహం కనబడితే రెండో మొహం ఆమెకు కనబడదు. కనబడిన గుడి హుండీలో గుప్పెట్లతో వేశాడు. మొహమాటంతో పంచిన చెంచురామయ్య, భయంతో దాచిన మాలకొండయ్య, ఇప్పుడు ఏడుపుతో విసిరేస్తున్న ఈ మాలకొండయ్య, ముగ్గురూ నాకు ఒక్కలాగే కనబడ్డారు. ముగ్గురి చేతులూ నా మీద పడ్డప్పుడు ఒకే రకంగా వణికేవి.

ఒక సాయంత్రం అతను వడ్డాణం చేయిస్తానని కంసాలిని కొట్టుకు పిలిపించాడు. వెంగమ్మ ఆ కంసాలికి మజ్జిగ ఇచ్చి పంపేసింది. కొట్లో ఎవరూ లేకుండా చూసి, నా పక్కన కూర్చొని అంది.

"నాకోసం కాదు నువ్వు కొనేది. నీకు దడగా ఉండాది. అప్పుడు దడొచ్చి మూత వేసినావు, ఇప్పుడు దడొచ్చి తెరిచినావు."

అతను తలొంచుకున్నాడు. నీ కళ్లు నేనే తీశానన్నాడు. వెంగమ్మ కాదు అనలేదు. కోపం ఆమెకూ ఉంది, ఉండదా మరి. ఎన్నోసార్లు అతను కొట్లో లేనప్పుడు ఆమె నా మీద అరచేత్తో కొట్టడం నాకు తెలుసు.

"నువ్వు మెచ్చుకుంటావని నేను దాచినా," అంది చివరికి. "ఇద్దరం కలిసే చేసుకున్నాం. డబ్బుదేం తప్పు లేదు. దాన్ని పనికి పిలిచి, పని చెప్పకుండా అరుగు మీద కూచోబెట్టినాం. ఇప్పుడు దాన్ని తరిమేస్తే మాత్రం ఏమొస్తది? ఉన్న కన్నన్నా నిలుపుకుందాం, మాట్లాడుకొని ఖర్చుపెడదాం."

మాట్లాడుకొని. అంతకాలం ఒకే కొట్లో, ఒకే పెట్టె ముందు కూర్చున్నవాళ్లు డబ్బు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదంటే నమ్ముతారా? అతను దాచడం, ఆమె తగ్గించుకోవడం, అంతే. ఆ రోజు నుంచి కొట్టు కట్టేముందు నా మూత తెరిచి ఇద్దరూ కూర్చునేవాళ్లు. వచ్చింది ఎంతో అతను పైకి చెప్పేవాడు, అది దేనికో ఆమె చెప్పేది. అన్నిటికన్నా ముందు చుక్కల మందు. తర్వాత సరుకు, అద్దె, పెద్దతనానికి కొంత. ఊరికే అని ఇంకొంచెం తీసి పెట్టేది. ఊరికే అంటే ఏందని అతను మొదట్లో బిక్కమొహం వేసేవాడు. ఆ డబ్బుతో ఒకసారి మిరపకాయ బజ్జీలు వచ్చాయి, ఒకసారి మస్తాన్‌బీ మనవరాలికి చెప్పులు వచ్చాయి. ఇన్నేళ్లూ ముక్కాలి పీట మీద కూర్చున్న వెంగమ్మకు వీపు ఆనుకునే కుర్చీ వచ్చింది. దాంట్లో మొదటిసారి వెనక్కి వాలినప్పుడు ఆమె చేసిన నిట్టూర్పు విని మాలకొండయ్య బయటికి వెళ్లి నిలబడ్డాడు. దానికేం పెద్ద ఖరీదు కాలేదు మరి. ఎప్పుడో కొనాల్సిన కుర్చీ అది.

చుక్కలు ఒక్క పూట తప్పలేదు. అతనే వేసేవాడు, సీసాలో ఇంకా మిగిలున్నా నెల కాగానే పారేసేవాడు. పారేసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగేది. పాత అలవాటు అంత సులభంగా పోదు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

అయినా పరీక్షకు వెళ్లినప్పుడల్లా వెలుగు కొంచెం చిన్నదవుతూనే ఉంది. నరం అప్పటికే బాగా ఎండిపోయిందట. ఆలస్యంగా మొదలెట్టిన మందు చేయగలిగింది ఆలస్యం చేయడమే అని అర్థమయ్యాక, మాలకొండయ్య ఒకరోజు భయం భయంగా అడిగాడు, కంట్లో ఇంకా కాస్త ఉండగా ఏం చూడాలని ఉందని. తిరుపతి అంటుందనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

వెంగమ్మ ఫిరోజాబాద్ అంది. ఎక్కడో ఉత్తరాదిన ఉన్న ఊరు, గాజులు అక్కడ పుడతాయి. ఇన్నేళ్లు ఇన్ని చేతులకు గాజులు ఎక్కించింది, అవి పుట్టేది ఎన్నడూ చూడలేదు. సరుకు తెచ్చే సేటు చెబుతుంటే వినడమే. మాలకొండయ్య ఎంత దూరమో అడిగాడు, ఎంతవుతుందో మాత్రం అడగలేదు. అడగకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో నాకు కనబడుతూనే ఉంది. ఆ సాయంత్రం ఇద్దరూ నా ముందు కూర్చొని లెక్క చూసుకున్నారు. రెండు నెలల సరుకు డబ్బు అవుతుందని తేలింది. వెంగమ్మ మామూలుగా అద్దె పక్కన పెట్టినట్టే ఆ డబ్బును పక్కన పెట్టింది. పండుకునే సీట్లే తియ్యాలని గట్టిగా చెప్పింది.

వచ్చాక నెల రోజులు ఆమె నోట అదే కథ. రైల్లో మాలకొండయ్య ధర అడక్కుండా టీ కొన్నాడని అందరికీ చెప్పి నవ్వింది. ఆ కొలిమి దగ్గర వేడికి మనిషి నిలబడలేడట. మరుగుతున్న గాజు ముద్దలోంచి ఎర్రటి దారం లాగి, తిరుగుతున్న కడ్డీకి చుడతారట. చుట్టలు చుట్టలుగా దిగే ఆ దారాన్ని కోస్తేనే గాజులట. వెంగమ్మ చెయ్యి పట్టుకొని, పనివాళ్లు వెళ్లనిచ్చినంత దగ్గరగా మాలకొండయ్య తీసుకెళ్లాడు. ఇంకేమీ కనబడలేదట ఆమెకు, కొలిమి గాని, మనుషులు గాని. ఆ ఎరుపు ఒక్కటే ఆమె కంట్లో ఉన్న జాగాకు సరిపోయిందట. ఆ ఎరుపు గాజుల్లో లేదని, చల్లారితే పోతుందని, ఏ చీరకూ అది నప్పదని చెప్పేది. వింటున్న ఆడవాళ్లు గాజులు వేయించుకోవడం మరిచిపోయి కూర్చునేవాళ్లు.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఒకరి తర్వాత ఒకరు, ఎక్కువ ఎడం లేకుండానే పోయారు. కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, అక్కడ డబ్బు కనబడకుండానే చేతులు మారుతుంది. నేను నెల్లూరులో పాత కలప సామాన్లు అమ్మేచోట ఉన్నాను. కొత్త ఇళ్లు కట్టుకున్నవాళ్లు వచ్చి నన్ను వేళ్లతో కొట్టి టేకేనా అని అడుగుతారు. హాల్లో పెట్టి నా మీద పూలకుండీ పెట్టుకుంటారట. నేను ఎవరి కష్టం మోశానో వాళ్లకు తెలియాల్సిన పని లేదు. నాకు మాత్రం వాళ్లందరి చేతులూ గుర్తున్నాయి, అన్నిటికన్నా ఒక ముసురు పట్టిన పొద్దున గుర్తుంది.

ఫిరోజాబాద్ వెళ్లొచ్చిన మరుసటి వానాకాలం అది. మాలకొండయ్య కొట్టు తెరిచి, మబ్బుగా ఉందని లైటు వేసి, గాజుల అట్టలు తుడుస్తున్నాడు. వెంగమ్మ నా పక్కన తన కుర్చీలో కూర్చొని వీధి చప్పుళ్లు వింటోంది. కాసేపటికి, "ఏమయ్యా, లైటు వెయ్యలా?" అంది.

లైటు నేరుగా ఆమె మొహం మీదే పడుతోంది. మాలకొండయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆమె రెప్పలు తెరుచుకొని ఎదురుచూస్తోంది. అతను నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచి స్విచ్చి ఆర్పాడు, టక్కుమంది. మళ్లీ వేశాడు.

"మరిచిపోయినా. ఇప్పుడేసినా," అన్నాడు.

స్విచ్చి రెండుసార్లు చప్పుడు చేయడం వెంగమ్మ విన్నది. అతను నా దగ్గరికి వచ్చాడు. భయం వేసినప్పుడల్లా చేసినట్టే నా మూత ఎత్తి, చెయ్యి లోపల పెట్టి నోట్ల మీద ఆనించాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. తీసి ఇవ్వడానికి ఎవరూ లేరు. కొనడానికి ఏమీ లేదు.

వెంగమ్మ తడుముకుంటూ నా అంచు పట్టుకుంది, లోపలికి చెయ్యి పోనిచ్చి అతని చేతిని వెతికి పట్టుకుంది. బయటికి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. బయట వాన పెద్దదవుతోంది. ఆ పూట గాజులకు ఎవరూ వచ్చేలా లేరు.

"ఆ ఎరుపు మాత్రం పోలేదయ్యా," అంది. "కళ్లు మూసినా అట్టాగే ఉండాది. పోయొచ్చి మంచిపని చేసినాం."